పాత కార్డులో లోపమేమీ లేదు

నా బల్ల మీద పాత పేపర్ల కట్ట పక్కన ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. అరచేతి కంటే కాస్త పొడుగు. రెండు చిన్న ఫ్యాన్లు, అందులో ఒకదాని రెక్క అంచు విరిగింది. తొమ్మిదేళ్ల నాటిది. ఇప్పుడొస్తున్న కార్డుల పక్కన పెడితే సైజులో సగం ఉండదు, పనిలో నాలుగో వంతు చేయదు. అయితే దానికి ఏ జబ్బూ లేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకూ నా స్నేహితుడికీ నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో అతని కుడికన్ను పోయింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. చివరి పదేళ్లు వారానికోసారి వచ్చే కంప్యూటర్ల పేజీ కూడా నాకే అంటగట్టారు. ఎవరూ తీసుకోని పేజీ అది. రిటైరై మదీనాగూడలో ఇంటిపట్టున కూర్చున్నాక కూడా అందులో ఒక కాలమ్ నాకే వదిలేశారు. పాత కార్డు ఉన్నవాళ్లు కొత్తది కొనాలా, ఉన్నదానితో ఇంకొన్నాళ్లు సర్దుకోవచ్చా అన్నది ఎక్కువసార్లు అందులో విషయం. కంప్యూటర్‌లో బొమ్మను గీసి తెర మీదికి పంపే భాగమే గ్రాఫిక్స్ కార్డు. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు మారితే మన కంటికి మనిషి నడుస్తున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ ఆటల్లో ఆ బొమ్మల్ని కార్డు అప్పటికప్పుడు గీస్తుంది. సెకనుకు ఎన్ని ఎక్కువ గీస్తే అంత మంచి కార్డు. నేను పాఠకులకు చెప్పగలిగింది అంతవరకే.

అంతవరకే చెబుతున్నానని నన్ను మొదట పట్టుకున్నవాడు ఆ స్నేహితుడే, నేనింకా డెస్కులో ఉన్న రోజుల్లో. జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, ఎక్కువున్న కార్డే మేలని ఒక వారం రాశాను. అచ్చయిన రోజు మధ్యాహ్నమే ఆఫీసుకు ఫోన్ వచ్చింది.

"సారూ, వండే గంజు పెద్దగుంటే కూర మంచిగైతదా?"

"ఎవరండీ?"

"గది ఇడిసిపెట్టుండ్రి. పొయ్యి ఎంత మండుతదో చూడాలె గద సార్. మీరు గంజు కొలిచి రాసిండ్రు."

కొండాపూర్ రమ్మన్నాడు. వెళ్లాను. మెయిన్ రోడ్డు వెనక సందులో, రెండో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. ఆ రోజు సార్ అన్నవాడు రెండో వారానికి అన్నా అనడం మొదలుపెట్టాడు, మూడో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది.

అతనిది జనగామ దిక్కు పల్లె. పదిహేనేళ్ల వయసు నుంచి దుకాణాలకు బోర్డులు రాశాడు. కుంచెతో. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక నగరానికి వచ్చి కంప్యూటర్ నేర్చుకున్నాడు. నేను కలిసేనాటికి కొండాపూర్‌లోనే ఒక చిన్న ఆఫీసులో బిల్డర్లకు ఇళ్ల నమూనాలు చేసిపెట్టేవాడు. నార్సింగిలో ఇంకా పునాది తవ్వని టవర్లలో పద్దెనిమిదో అంతస్తు బాల్కనీ మీద పొద్దున ఎండ ఎలా పడుతుందో అతను చూపిస్తే జనం అది చూసి ఫ్లాట్లు బుక్ చేసుకునేవాళ్లు. ఆ ఎండ రంగు దగ్గర అతనికి ఎవరితోనూ రాజీ లేదు. "కార్తీకం ఎండ వేరే, మాఘం ఎండ వేరే" అనేవాడు. బిల్డర్లకు ఆ తేడా అక్కర్లేదని తెలిసినా అలాగే చేసేవాడు.

మేమిద్దరం కార్డులు పరీక్షించే పద్ధతి అతను పెట్టిందే. శనివారం మధ్యాహ్నాలు అతని ఇంట్లో. దుకాణం వాళ్లు మూడు రోజులకని ఇచ్చిన కొత్త కార్డు నేను పట్టుకెళ్లేవాణ్ని. దానితో పోల్చడానికి ఎప్పుడూ ఒకటే పాత కార్డు, ఇదిగో ఈ రెక్క విరిగింది. అతను బాల్కనీలోకి వెళ్లి అటు తిరిగి నిలబడేవాడు. నేను రెండింటిలో ఒకటి బిగించి, సీపీయూ డబ్బా మీద తువ్వాలు కప్పి, తెర మీద అంకెలు కనపడకుండా చేసి పిలిచేవాణ్ని. అప్పుడు అతను వచ్చి కూర్చుని, తను చేసుకున్న ఒక దృశ్యాన్ని నడిపించేవాడు. ఒక చిన్న ఊరి బజారు. వాన వెలిసింది. చెప్పుల దుకాణం, కిరాణా కొట్టు, వేపచెట్టు, రోడ్డు మీద నీళ్ల గుంట, చివర్న పచ్చరంగు బోర్డు. ఆ బోర్డు తను జీవితంలో మొదటిసారి రాసిన బోర్డట. కెమెరా ఆ బజారులో మెల్లగా నడుచుకుంటూ వెళ్లి బోర్డు ముందు ఆగుతుంది. ఒక్కసారి చూసి, పాతదో కొత్తదో చెప్పేవాడు. ఏళ్ల తరబడి ఒక్కసారీ తప్పలేదు.

"అక్షరాల అంచు చూడు అన్నా. పాతదాంట్ల మెట్లు మెట్లుగ ఉంటది. కొత్తదాంట్ల నేను కుంచెతోటి తిప్పినట్టే ఉంటది."

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయయ్యా."

"మరి పేపర్ల ఎందుకు రాస్తున్నవ్?"

"నువ్వు చెబుతున్నావు కాబట్టి."

"ఇగ నా కండ్లు పెట్టి నువ్వు పేరు తెచ్చుకుంటున్నవన్నట్టు!"

నిజమే. అంకెలు నావి, చూపు అతనిది. ఆ కాలమ్ నడిచిందే అలా.

ఆ చుక్కలు మొదటిసారి కనిపించిన శనివారం నాకు బాగా గుర్తుంది. చలి తగ్గుతున్న రోజులు. పాత కార్డు బిగించి పిలిచాను. వచ్చి కూర్చున్నాడు, "పాతది" అన్నాడు, కాసేపు ముందుకు వంగి చూశాడు.

"అన్నా, జర ఇటు రా. ఇది ఖరాబైనట్టుంది."

అతను వేలు పెట్టి చూపిన చోట నాకు తడి రోడ్డు మాత్రమే కనిపించింది.

"ఏం లేదే?"

"గీడ చూడు. నల్ల చుక్కలు. దారప్పోగు లెక్క ఒకటి వంకరగ పోతలేదా?"

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. "నాకేమీ కనిపించడం లేదయ్యా."

"నీకెట్ల కనవడ్తది? ముప్పై యేండ్లు అచ్చుతప్పులు చూసి చూసి అరిగిపోయినయ్ నీ కండ్లు. పేపరోళ్ల కండ్లు!"

ఇద్దరం నవ్వుకున్నాం. అందులో అనుమానించడానికి ఏమీ లేదు. కార్డు మీద మెమరీ చిప్పులు పాతబడితే తెర మీద చుక్కలు, గీతలు రావడం మామూలే. మా ఇద్దరికీ తెలిసిన జబ్బు అది. తెలిసిన జబ్బు కాబట్టే ఇంకోటి తట్టలేదు. పాతది తీసి కొత్తది పెట్టాం, దుకాణం వాళ్లను బతిమాలి దాన్ని ఇంకొన్నాళ్లు ఉంచుకున్నాం. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి చుక్కలు పోయాయన్నాడు. నేను ఆ వారం కాలమ్‌లో రాశాను, ఎనిమిది తొమ్మిదేళ్లు దాటిన కార్డుల్లో నల్ల చుక్కలు కనిపిస్తే ఇక వాటి ఆయుష్షు తీరినట్టే అని.

డెస్కులో చేరిన కొత్తలో మా చీఫ్ సబ్ ఎడిటర్ నాకు నేర్పిన మొదటి పాఠం, ఒక్కడు చెప్పిన వార్త వేయకూడదని. రెండో మనిషి కూడా అవునంటేనే వెయ్యి అనేవాడు. ఆ రోజు ఆ గదిలో రెండో మనిషిని నేనే. నాకు చుక్కలు కనిపించలేదు. నా కళ్లు చెప్పింది నేను పక్కన పెట్టేసి, అతని కళ్లు చెప్పింది రాశాను.

పది పదిహేను రోజులకు చుక్కలు మళ్లీ వచ్చాయి. ఈసారి కొత్త కార్డులోనూ. కేబుల్ మార్చాం. వారం బాగుందన్నాడు. మళ్లీ వచ్చాయి. మానిటర్ మార్చాం, ఆఫీసు నుంచి ఒకటి తెచ్చుకున్నాడు. కొన్నాళ్లు బాగుంది. మళ్లీ వచ్చాయి. కరెంటు ఎక్కువ తక్కువలవల్ల అనుకుని పవర్ సప్లై మార్చాం. పాత కార్డు ఫ్యాన్లు విప్పి, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది పూశాం. నేను టార్చి పట్టుకుంటే అతను ముక్కు ఆనేంత దగ్గరికి వంగి స్క్రూలు విప్పాడు. అంత దగ్గరికి ఎందుకు వంగుతున్నాడని నాకు అనిపించింది. అడగలేదు.

తువ్వాలు పరీక్షలో మాత్రం ఒక్కసారీ తప్పడం లేదు. పాతది పెడితే పాతదనేవాడు, కొత్తది పెడితే కొత్తది. అందువల్లే నాకు అతని చూపు మీద అనుమానం రాలేదు. పైగా కొత్త కార్డుల గురించి ముందుకంటే ఎక్కువ చెప్పేవాడు. నీళ్లగుంటలో వేపాకు నీడ ఎంత బాగా పడిందో, గోడ రంగు ఎదురుగా ఉన్న అరుగు మీద ఎలా వాలిందో చెబుతుంటే నేను గబగబా రాసుకునేవాణ్ని.

ఇంతలో నార్సింగి బిల్డరు ఒకాయన, నా మిత్రుడు ఇంట్లో ఈ కంప్యూటర్ మీదే చేసి ఇచ్చిన పని తిప్పి పంపాడు. తెల్లగోడల్లో పసుపు ఎక్కువైందని, హాల్లో సోఫా నీడ లేకుండా గాల్లో తేలుతున్నట్టుందని. నా మిత్రుడికి కోపం నెత్తికెక్కింది.

"గా మనిషికి నీడంటే తెల్వదు. కొత్త కార్డు రంగులు ఖరాబ్ జేస్తుంది అన్నా. గిది కూడ రాయి నువ్వు."

రాశాను. కొత్త కార్డు పెట్టుకున్నవాళ్లు రంగులు సరిచూసుకోవాలని రాశాను. అలా పాతదాని మీద ఒక నేరం, కొత్తదాని మీద ఒక నేరం మోపాం. రెండూ అచ్చయ్యాయి.

అతని భార్య హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. పద్నాలుగు అంతస్తులు, నాలుగు వైపులా అద్దాలే. పొద్దున ఆరుకు వెళ్లి సాయంత్రం నాలుగుకు వచ్చేది. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"అన్నా, ఈయనకు గా డబ్బా ఖరాబైందా, కండ్లు ఖరాబైనయా? చాయ పోస్తె కప్పుల సగం, బల్ల మీద సగం. మెట్ల మీద కడపటి మెట్టు లేదనుకొని దిగుతున్నడు."

"రోజంతా స్క్రీన్ చూస్తే అంతేనమ్మా. అలసట."

"షుగర్ గోళీలు కూడ మర్సిపోతున్నడు."

"నేను చెబుతాలే."

చెప్పాను. "మా ఇంట్ల మనిషి నీకు గూడ కంప్లెయింట్ రాసిందా" అని నవ్వాడు. అతనికి ఏడేళ్లుగా షుగర్ ఉందని నాకు తెలుసు. శనివారాలు మేం పరీక్ష ముగించుకుని సందు చివర ఇరానీ హోటల్లో కూర్చుంటే రెండు చాయ్‌లు, నాలుగు బిస్కెట్లు అతనివే. నేనెప్పుడూ వద్దనలేదు.

వేసవి ముదిరింది. ఆ శనివారం మేం ఇంకో కేబుల్ బిగించి కూర్చున్నాం. చుక్కలు అలాగే ఉన్నాయంటున్నాడు. పాత కార్డు తువ్వాలు కింద గరగరలాడుతోంది. నాలుగున్నరకు అతని భార్య డ్యూటీ నుంచి వచ్చింది. బ్యాగు మేకుకు తగిలించి, మా వెనక నిలబడి, చాలాసేపు చూసింది.

"ఏడున్నయ్ చుక్కలు?"

"గీడ, బోర్డు కాడ."

"నాకు కనవడ్తలెవ్. అన్నా, నీకు?"

"లేదమ్మా."

"ఇగ పెద్దోళ్లు మీరిద్దరు," అంది విసుక్కుంటూ. "మా కాడ కొత్తగ వచ్చిన పోరీలు గిట్లనే తుడిచిందే తుడుస్తుంటరు. అద్దం మీద మరక పోతలేదక్కా అంటరు. తల పక్కకు జరిపి చూడుండ్రే అంట నేను. మరక నీతోని జరిగితె అది నీ కండ్లద్దాలది, జరగకుంటె గోడ అద్దంది. గంతే. దానికి కెమికల్ ఎందుకు?"

నేను చేతిలోని పాత కేబుల్ కింద పెట్టాను.

"ఏమయ్యా, జర గోడ దిక్కు చూడు."

అతను కదల్లేదు. తెరవైపే చూస్తున్నాడు.

"చూడు అంటున్న."

తల తిప్పాడు. సున్నం వేసిన తెల్లటి గోడ. ఒక క్యాలెండరు తప్ప ఏమీ లేదు. అంతకంటే మంచి తెర ఎక్కడా దొరకదు. దాన్ని అలా చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపు.

"ఉన్నయా?"

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"చెప్పయ్యా, ఉన్నయా?"

"ఉన్నయ్," అన్నాడు.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేను లేచి కంప్యూటర్ ఆపేశాను. ఎందుకు ఆపానో తెలియదు. ఏదో ఒకటి చేయాలనిపించింది.

సోమవారం పొద్దున ముగ్గురం కంటి దవాఖానకు వెళ్లాం. చుక్కలమందు వేసి గంట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక డాక్టరమ్మ రెండు కళ్లూ చూసింది, మళ్లీ కుడికన్ను చూసింది, తర్వాత కాసేపు కాగితం మీద ఏదో రాసుకుంది. షుగర్ వల్ల కంటి లోపల సన్నటి రక్తనాళాలు చిట్లుతున్నాయంది. కారిన రక్తమే ఆ చుక్కలూ, దారప్పోగులూ. కొన్ని రోజులకు రక్తం కిందికి దిగితే చుక్కలు తగ్గుతాయి, మళ్లీ చిట్లితే మళ్లీ వస్తాయి. కేబుల్ మార్చాక వారం బాగుండటం ఎందువల్లో అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ల నుంచి కనిపిస్తున్నాయి?"

"నాలుగు నెల్లాయె మేడం."

"నాలుగు నెలలా? మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

అతను నావైపు తిరిగాడు. మందు వేసిన కళ్లకు నేను కనిపించి ఉండను.

"కేబుల్ మార్చినం మేడం," అన్నాడు.

ఆమె నవ్వలేదు. మాకూ నవ్వు రాలేదు. ఎడమకన్నుకు లేజర్ చేసి ఉన్న చూపును నిలబెట్టే ప్రయత్నం చేస్తామని, కుడికంట్లో లోపలి పొర అప్పటికే ఊడి వచ్చేసిందని, ఆపరేషన్ చేస్తాం గానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని చెప్పింది. మొదటి నెలలో వచ్చి ఉంటే అని ఒక మాట మొదలుపెట్టి, మా ముఖాలు చూసి ఆపేసింది. ఆ ఆపేసిన మాట మిగతాది నేను ఇప్పటికీ రోజూ పూర్తి చేసుకుంటాను.

ఆపరేషన్ జరిగింది. కుడికన్ను రాలేదు. ఎడమకంటికి వెలుతురు, మనుషుల ఆకారం, పెద్ద వస్తువుల రంగు తెలుస్తాయి. అక్షరం తెలియదు. ఆఫీసులో అతని కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. భార్య పొద్దున వెళ్లే ముందు చాయ్ ఫ్లాస్కులో పోసి, చేతికి అందేచోట పెట్టి, ఎక్కడ పెట్టిందో రెండుసార్లు చెప్పి వెళ్తుంది.

నేను శనివారాలు మానలేదు. కార్డులు మాత్రం తీసుకెళ్లడం మానేశాను. వానాకాలం మొదలైన ఒక మధ్యాహ్నం బాల్కనీలో ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఎన్నాళ్లుగానో నా గొంతులో ఉన్న మాట ఆ రోజు అనేశాను.

"తప్పు నాది తమ్ముడూ. నాకు చుక్కలు కనిపించడం లేదని తెలిసి కూడా కార్డు పాడైందని రాశాను. ఆ రోజే ఆగి ఉంటే..."

"నువ్వెందుకు గట్ల అంటవ్? నాకెర్కనే అన్నా."

"ఏం ఎరుక?"

"కండ్లు పోతున్నయని. పోయిన యేడే ఎర్క. అక్షరం అంచు కనవడుడు బందైంది."

"మరి తువ్వాలు పరీక్షలో ఒక్కసారీ తప్పలేదే నువ్వు?"

"పాతదాని ఫ్యాన్ రెక్క విరిగింది కద. తిరుగుతుంటె గరగర అంటది. తువ్వాల కప్పితె బొమ్మ కనవడదు గని, చప్పుడు ఆగుతదా?"

ఆ గరగర నేనూ ప్రతి శనివారం విన్నాను. దాన్ని ముసలి ఎడ్లబండి అని ఎగతాళి కూడా చేశాను. పరీక్షకు అది అడ్డమని ఒక్కసారీ తట్టలేదు.

"మరి వేపాకు నీడ, అరుగు మీద రంగు... అవన్నీ?"

"యాదికున్నయ్ చెప్పిన. నా బజారు నాకు తెల్వదా?" కుర్చీ నావైపు జరుపుకున్నాడు. "కొత్త కార్డులు గట్లనే చేస్తయ్ కద అన్నా. అన్ని బొమ్మలు గియ్యవు. ముందుది ఎనకది చూసి నడుమ ఉన్నది అందాజ మీద నింపుతయ్. నువ్వే రాసినవ్. నేను గూడ గట్లనే నింపిన."

కింద సందులో సామాన్ల ఆటో ఒకటి వెనక్కి వస్తోంది, దాని కూత ఆగేదాకా ఆగాడు.

"దవాఖానకు పోతె కండ్లు పోయినయంటరు. అంటె ఇగ పని లేదు. కుంచె పోయినంక పదేండ్లు కింద మీద పడి ఈ పని నేర్చుకున్న. ఇంకోటి నేర్చుకునే వయసా నాది? నువ్వేమో శనివారం శనివారం వచ్చి కార్డుది తప్పు, కేబుల్‌ది తప్పు అంటుంటివి. నువ్వు గట్లన్నప్పుడల్లా వారం దినాలు మంచిగ నిద్ర పట్టేది అన్నా."

అతను నన్ను నిందించడానికి అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదలదు.

వెళ్లడానికి లేచినప్పుడు నా చొక్కా కొస పట్టుకుని ఆపాడు.

"ఒక పని జెయ్యి. పాత కార్డు ఖరాబైందని రాసినవ్ కద. అది తప్పని రాయి."

"ఎవరడిగారయ్యా ఇప్పుడు?"

"నా అసొంటోడు ఇంకోడు ఉంటడు ఏడనో. చుక్కలు కనవడ్తె కేబుల్ మార్చుకుంట కూసుంటడు. ముందుగాల గోడ దిక్కు చూడమని రాయి."

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. డెస్కులో ఉండగా ఎన్నో సవరణలు రాశాను. పేరు తప్పు పడింది, తేదీ మారింది, ఫొటో తారుమారైంది. రెండు నిమిషాల పని. దీనికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ పేజీ చూస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, గ్రాఫిక్స్ కార్డు మీద సవరణ ఎవరు చదువుతారండీ? కొత్త కాలమ్ ఏదైనా పంపించండి" అంది, మర్యాదగానే. సంగతంతా చెప్పాను. "పెడతాను సార్. ఒక్క ముక్కా తీయను" అంది.

అది వచ్చిన శనివారం పేపరు మడిచి పట్టుకుని కొండాపూర్ వెళ్లాను. అతని భార్యకు ఆ రోజు సెలవు. పప్పు ఏరుతూ కూర్చుంది.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"పైనా, కిందనా?"

"కింద. చివరి కాలమ్‌లో."

"ఎన్ని లైన్లు?"

"పదకొండు."

"చదువు."

చదివాను. "కొన్ని నెలల క్రితం ఈ కాలమ్‌లో ఒక పాత గ్రాఫిక్స్ కార్డు పాడైందని, తర్వాత ఒక కొత్త కార్డు రంగులు చెడగొడుతోందని రాశాం. రెండూ తప్పు. ఆ కార్డుల్లో లోపమేమీ లేదు. తెర మీద నల్ల చుక్కలు, దారాల వంటివి కనిపిస్తే పక్కనున్న వాళ్లను కూడా చూడమనండి. తర్వాత తెల్లగోడ వైపు చూడండి. అవి గోడ మీద కూడా కనిపిస్తే కంప్యూటర్‌ను కదిలించకండి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆలస్యం చేసి మేం నష్టపోయాం."

"మళ్ల చదువు."

మళ్లీ చదివాను. అతని భార్య చేట పక్కన పెట్టి వింటోంది.

"గోడ ముచ్చట నాది," అంది. "నా పేరు వెయ్యలె."

"ఎవల పేరు వెయ్యలేదే అన్న," అన్నాడు అతను. ముఖం ఆమెవైపు తిప్పబోయి కాస్త పక్కకు తిప్పాడు. "బజారు జర నడిపియ్యి అన్నా. చాలా దినాలాయె."

కంప్యూటర్ మీద దుమ్ము పేరుకుంది. కొత్త కార్డు దుకాణానికి ఎప్పుడో తిరిగి వెళ్లిపోయింది, పాతది ఒక్కటే ఉంది ఆ ఇంట్లో. బిగించాను. ఇక దాచడానికేమీ లేకపోయినా చెయ్యి అలవాటుగా తువ్వాలు తీసి డబ్బా మీద కప్పింది. తెర మీద వాన వెలిసిన బజారు వచ్చింది. చెప్పుల దుకాణం, కిరాణా కొట్టు, వేపచెట్టు. నీళ్లగుంట శుభ్రంగా ఉంది. ఎక్కడా ఒక్క చుక్క లేదు. అతను తెరవైపు చూడటం లేదు. తల కాస్త వంచి వింటున్నాడు. కెమెరా పచ్చబోర్డు ముందు ఆగింది.

"పాతది," అన్నాడు. "మంచిగనే ఉంది పాపం."

ఆ సాయంత్రం నేను లేస్తుంటే ఆ కార్డును తడుముకుంటూ విప్పి నా చేతిలో పెట్టాడు. ఇంటికి తీసుకెళ్లమన్నాడు.